నీటి లెక్కలో నునుపు

కరీంనగర్ చుట్టుపక్కల గుట్టల్లోంచి కోసిన గ్రానైట్ దిమ్మెలు రైలు వాగన్లెక్కి కాకినాడ రేవుకు చేరతాయి. అక్కడి నుంచి ఓడల్లో చైనాకు వెళ్తాయి. టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ వంటి పేర్లతో అమ్ముడయ్యే ఆ రాయికి విలువంతా పాలిష్‌లోనే ఉంది. ముతక నుంచి మెత్తదాకా వరుసగా సానరాళ్లు మార్చుకుంటూ, ముఖం కనిపించేదాకా దాన్ని రుద్దుతారు. ఎక్కడైనా చిన్న గరుకు మిగిలితే వెలుతురే దాన్ని పట్టిస్తుంది. అయితే ఆ రాయిని మోసుకెళ్లే ఓడకూ ఒక నునుపు కావాలి. దాన్ని ఎవరూ అద్దంలా చూసుకోరు, అది నీటి అడుగున ఉంటుంది. 190 మీటర్ల పొడవున్న మామూలు సరుకు ఓడ నిండుగా సరుకెక్కితే నీటిలో మునిగే భాగం రెండు ఎకరాలకు పైనే ఉంటుంది. ఆ రెండెకరాల ఉక్కు చెలక మీద పూసిన రంగు ఎంత గరుకుగా ఉందన్నదాన్ని బట్టి ఓడ ఎంత చమురు తాగుతుందో తేలుతుంది. ఈ అధ్యాయంలో నేను వాదించబోయేది ఒక్కటే. నునుపు అనేది పలక ఒక్కదాని గుణం కాదు, పలకకూ దాన్ని రాసుకుంటూ పోయే నీటికీ మధ్య ఉన్న సంబంధం. ఒకే రంగు పూత ఒక నీటికి నున్నగానూ మరో నీటికి గరుకుగానూ ఉండవచ్చు. మన వేళ్లు చెప్పే తీర్పును నీరు ఒప్పుకోనక్కర్లేదు.

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. నున్నటి పలక మీద నీరు జారిపోతుందనీ, గరుకు పలక నీటిని పట్టుకుంటుందనీ మనం అనుకుంటాం. నిజానికి మామూలు పలకలేవీ నీటిని జారనివ్వవు. పాలిష్ పట్టిన గ్రానైట్ కానీ, పచ్చి సిమెంటు కానీ, ఓడ రంగు కానీ, పలకను తాకే మొట్టమొదటి నీటి పొర పలకకే అంటుకుని ఉంటుంది. దాని మీది పొర దానికంటే కాస్త వేగంగా, ఆ పైది ఇంకాస్త వేగంగా కదులుతుంది. ఓడ నడుస్తున్నప్పుడు ఈ పొరలన్నీ ఓడతో పాటు ఎంతో కొంత ఈడ్చుకుపోతుంటాయి. ముక్కు దగ్గర పలచగా మొదలైన ఈ నీటి దుప్పటి, అంత పొడవైన ఓడ తోక దగ్గరికి వచ్చేసరికి సుమారు మీటరు మందం అవుతుంది. ఓడ తనను మాత్రమే మోసుకుపోవడం లేదు, తనకంటుకున్న మీటరు మందం నీటిని కూడా లాగుతోంది. మెల్లగా నడిచే బరువు ఓడల్లో నీటి నిరోధంలో పది పాళ్లకు ఏడెనిమిది పాళ్లు ఈ రాపిడిదే. మిగిలింది అలలు లేపడానికి, వెనక సుడులు తిప్పడానికి ఖర్చవుతుంది.

ఇక్కడ పాకుడు గుర్తుకు రాక తప్పదు. చెరువు మెట్ల మీద పాకుడు పడితే కాలు జారుతుంది కదా, మరి ఓడ అడుగున పాకుడు పడితే ఓడ ఇంకా సులువుగా జారాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కాలు జారేది పాకుడు నునుపు వల్ల కాదు. నీటితో నిండిన ఆ మెత్తటి పొర కాలికీ రాతికీ నడుమ చేరి రెండింటినీ ఒకదాన్నొకటి పట్టుకోనివ్వదు. ఓడ విషయంలో పాకుడు మీద నడిచేది కాలు కాదు, నీరు. నీరు పాకుడుకూ అంటుకుంటుంది. పైగా పాకుడు చదునుగా ఉండదు. పోగులు పోగులుగా లేచి ప్రవాహంలో ఊగుతుంది. ఆ ఊగడానికి కావలసిన శక్తి ఎక్కడి నుంచో రాదు, ఓడ ఇంజను నుంచే వస్తుంది. కాబట్టి మన కాలిని జార్చే పొరే ఓడను వెనక్కి లాగుతుంది.

సరే, నీరు అన్ని పలకలకూ అంటుకుంటే గరుకుకు, నునుపుకు తేడా ఎక్కడ పుడుతుంది? పలకను ఆనుకుని ఉన్న అతి పలుచని పొరలో పుడుతుంది. ఆ పొర బయట నీరంతా సుడులు తిరుగుతూ కలగాపులగంగా పోతుంటుంది. పొర లోపల మాత్రం నీటి జిగట గుణానిదే పెత్తనం, సుడులు అక్కడ అణిగిపోతాయి. దాన్ని జిగట పొర అందాం. పలక మీది ఎత్తుపల్లాలు ఈ జిగట పొరలో పూర్తిగా మునిగి ఉంటే పైనున్న నీటికి అవి ఉన్నట్టే తెలియదు. పొరను చీల్చుకుని తల పైకెత్తితే ప్రతి మొట్టా ఒక చిన్న అడ్డుకట్ట అవుతుంది. దాని ముందు నీరు గుద్దుకుంటుంది, వెనక సుడి లేస్తుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఈ పలక గరుకెంత అని కాదు, ఇక్కడి జిగట పొర మందమెంత అని. ఆ మందం వేగాన్ని బట్టి మారుతుంది. వేగం పెరిగేకొద్దీ పొర పలచబడుతుంది.

అంకెలు వేసి చూస్తే ఇది ఎంత సున్నితమైన వ్యవహారమో తెలుస్తుంది. మనం చెప్పుకున్న సరుకు ఓడ 14 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 26 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంటే దాని అడుగున జిగట పొర మందం 25 మైక్రాన్ల దగ్గర తేలుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక మందం 60 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది, అంటే ఈ పొర వెంట్రుకలో మూడో వంతో, నాలుగో వంతో. ఓడ అడుగు గరుకును కొలిచే పద్ధతి వేరుగా ఉంది. 50 మిల్లీమీటర్ల పొడవున ఒక సూదిని నడిపి, అందులో అన్నిటికన్నా ఎత్తైన మొట్టకూ అన్నిటికన్నా లోతైన గుంటకూ మధ్య తేడా చూస్తారు. అలా ఓడంతా వందల చోట్ల కొలిచి సగటు తీస్తారు. కొత్తగా రంగేసిన ఓడకు ఇది 100 మైక్రాన్లకు అటూ ఇటూ వస్తుంది. నౌకా ప్రయోగశాలల అంతర్జాతీయ లెక్కల్లో, వేరే కొలత లేనప్పుడు 150 మైక్రాన్లుగా తీసుకోవడం ఆనవాయితీ. చేత్తో తడిమితే మనకు నున్నగా తోచే పూత ఇది. నీటికి మాత్రం అప్పటికే మొట్టలు పైకి తేలి ఉన్నాయి.

ఇదే 100 మైక్రాన్ల పూతను ఓడ నుంచి తీసి మన కాలువకు తెద్దాం. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ జలాశయం నుంచి బయల్దేరే కాకతీయ కాలువ 146 కిలోమీటర్లు నడిచి కరీంనగర్ దగ్గర దిగువ మానేరు జలాశయంలో కలుస్తుంది, అక్కడి నుంచి మళ్లీ ముందుకు సాగుతుంది. మొత్తం పొడవు 284 కిలోమీటర్లు, తల దగ్గర రూపకల్పన సామర్థ్యం 9,700 క్యూసెక్కులు. ఇంత పెద్ద కాలువలో నీరు సెకనుకు మీటరు వేగంతో పోతోందనుకుంటే జిగట పొర మందం వంద మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, ఓడ దగ్గరి దానికి నాలుగింతలు. ఓడ అడుగున మొట్టలు తేలిన ఆ రంగు పూత, ఇక్కడ కాలువ గోడకు పూస్తే జిగట పొరలో మునిగిపోతుంది. ఆ నీటికి అది అద్దమే. పూత మారలేదు, నీటి నడక మారింది.

అలాగని కాలువకు గరుకు బాధ లేదనుకోరాదు. కాలువలో ఎవరూ నౌకల రంగు పూయరు. అక్కడున్నది సిమెంటు లైనింగు, దాని గరుకు మిల్లీమీటర్లలో ఉంటుంది. పగుళ్లు, విరిగిన పలకలు, వాటి సందుల్లో మొలిచిన గడ్డి, అడుగున పేరుకున్న ఒండ్రు కలిస్తే సెంటీమీటర్లలోకి పోతుంది. ఇంజనీర్లు ఈ మొత్తాన్ని ఒకే అంకెలో పెడతారు. ఐరిష్ ఇంజనీరు రాబర్ట్ మ్యానింగ్ 1889లో వెల్లడించిన సూత్రంలోని ఆ గుణకం, మంచి సిమెంటు లైనింగుకు సాధారణంగా 0.018 ప్రాంతంలో ఉంటుంది. లైనింగు చెడి, కలుపు పెరిగి అది 0.025కు చేరితే, అదే లోతు, అదే వాలు ఉన్నా ప్రవాహం 28 శాతం తగ్గుతుంది. 9,700 క్యూసెక్కుల కాలువ కాగితం మీదే 7 వేలకు దిగిపోతుంది. ఇది సూత్రం చెప్పే లెక్క. ఈ లెక్క మొదట తగిలేది చివరి ఆయకట్టు రైతుకు, తూము దగ్గర నీటి కోసం కాచుకున్నవాడికి. ఓడకూ కాలువకూ ఉన్న ఒక తేడా ఇక్కడే బయటపడుతుంది. కాలువకు వాలు స్థిరం, భూమి ఎంత వంగి ఉంటే అంత. కాబట్టి గరుకు పెరిగితే నీరు తగ్గుతుంది. ఓడకు వేగం స్థిరం, ఒప్పందం ప్రకారం రేవు చేరాలి. కాబట్టి గరుకు పెరిగితే చమురు పెరుగుతుంది. ఒకే భౌతికశాస్త్రం ఒకచోట పంట నీటిలో కోత పెడుతుంది, మరోచోట ఇంధనం ఖర్చు పెంచుతుంది. కాళేశ్వరం పథకంలో రామడుగు మండలం లక్ష్మీపూర్ దగ్గర భూగర్భంలో ఒక్కొక్కటి 139 మెగావాట్ల మోటార్లు ఏడు బిగించిన గాయత్రి పంప్‌హౌస్ వంటి చోట్ల లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ కరెంటులో పెద్ద వాటా నీటిని ఎత్తడానికే పోతుంది. సొరంగం గోడల రాపిడిది చిన్న వాటా. గరుకు ప్రతిచోటా ఒకేలా ఖరీదు కాదని ఒప్పుకోవడం నా వాదానికి నష్టమేమీ కాదు. ఎత్తుపల్లాలు లేని సముద్రం మీద నడిచే ఓడకు మాత్రం ఎత్తాల్సిన బరువు లేదు, ఉన్నదంతా నిరోధమే.

పలకకూ నీటికీ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని ఓడల కోసం ప్రయోగంతో పట్టుకున్నవాడు విలియం ఫ్రూడ్. 1870ల మొదట్లో ఇంగ్లండ్‌లోని టార్కీ పట్టణంలో పొడవాటి నీటి తొట్టి కట్టించి, పలుచని చెక్క పలకలను నిలువుగా ముంచి లాగి, ఎంత బలం పడుతోందో కొలిచాడు. పలకలకు ఒకసారి వార్నిష్ పూశాడు, ఒకసారి మైనం, ఒకసారి తగరపు రేకు, ఒకసారి నూలు గుడ్డ, మరోసారి సన్న ఇసుక, ముతక ఇసుక. పొడవాటి పలకల మీద గుడ్డ చుట్టిన పలక, వార్నిష్ పలకతో పోలిస్తే దాదాపు రెట్టింపు నిరోధం చూపింది. నాకు అంతకంటే విలువైనదిగా తోచేది వేరొకటుంది. వార్నిష్ పలక మీద నిరోధం వేగానికి 1.83 ఘాతం దగ్గర పెరిగింది, ఇసుక పలక మీద రెండో ఘాతం దగ్గర. అంటే వేగం పెంచేకొద్దీ నునుపుకూ గరుకుకూ మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. గరుకు పలక సొంత ఆస్తి అయితే ఆ ఎడం ఒకే నిష్పత్తిలో ఉండిపోవాలి. అలా ఉండకపోవడమే సంబంధానికి సాక్ష్యం. ఫ్రూడ్ ఆ తర్వాత గ్రేహౌండ్ అనే అసలు యుద్ధనౌకను మరో నౌకతో లాగించి, నమూనాతో పోల్చాడు. ఓడ నిరోధం నమూనా లెక్కకంటే ఎక్కువగా వచ్చింది. పాతబడిన రాగి తొడుగు గరుకే అందుకు కారణమని అతడు వివరించాడు. ఆరు దశాబ్దాల తర్వాత 1933లో జర్మనీలోని గట్టింగెన్‌లో యోహాన్ నికురాడ్సే, గొట్టాల లోపల జల్లెడ పట్టిన ఇసుక రేణువులను వరుసగా అంటించి, ఏ రేణువు ఏ ప్రవాహం దగ్గర తల పైకెత్తుతుందో గీసి చూపాడు. మెల్లటి ప్రవాహంలో ఇసుక గొట్టం నున్నటి గొట్టంలాగే నడిచింది. ప్రవాహం జోరందుకున్నాకే ఇసుక బయటపడింది.

మన దగ్గర ఈ విద్య విశాఖపట్నంలో ఉంది. 1941లో మొదలై, స్వతంత్ర భారతానికి 1948లో జలఉష ఓడను అందించిన నౌకా నిర్మాణ కేంద్రం అక్కడే ఉంది. 1969లో ఏర్పడిన నావికా విజ్ఞాన, సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతున్న తొట్టి ఉంది. అందులో ఓడల నమూనాలను బండికి కట్టి లాగి కొలుస్తారు. ఇంత గొప్ప తొట్టిలోనూ రంగు గరుకు నేరుగా కనపడదు. అది తొట్టి లోపం కాదు, ప్రకృతి పెట్టిన చిక్కు. మన ఓడకు ముప్పయ్యో వంతు నమూనా చేశామనుకుందాం. అలలు అసలు ఓడ అలల్లాగే రావాలంటే, ఫ్రూడ్ చెప్పిన నియమం ప్రకారం దాన్ని సెకనుకు 1.3 మీటర్ల వేగంతోనే లాగాలి. ఆ వేగంలో నమూనా మీద జిగట పొర వంద మైక్రాన్ల దగ్గరే ఉంటుంది, అచ్చం కాకతీయ కాలువలోలాగా. ఓడకు పూసే రంగునే నమూనాకు పూసినా ఆ గరుకు పొరలో మునిగిపోతుంది. నమూనా నున్నటి ఓడ కథ చెబుతుంది, అసలు ఓడ గరుకు ఓడగా సముద్రంలోకి దిగుతుంది. ఈ రెంటి మధ్య ఎడాన్ని పూడ్చడానికి లెక్కలో ఒక దిద్దుబాటు కలపాల్సి వస్తుంది. ప్రపంచంలోని తొట్టెలన్నీ చేసేది ఇదే.

ఆ దిద్దుబాటులో చాలాకాలంగా వాడుకలో ఉన్న సూత్రం ఒకటి చెప్పే విషయం మీద కాసేపు నిలబడాలనిపిస్తుంది. అదనపు నిరోధం గరుకు ఎత్తుకు ఘనమూలంగా పెరుగుతుంది. అంటే 100 నుంచి 200 మైక్రాన్లకు పోయినప్పుడు పడే దెబ్బ, 200 నుంచి 300కు పోయినప్పుడు పడే దెబ్బ కంటే ఒకటిన్నర రెట్లకు దగ్గరగా ఉంటుంది. ఎలాగూ పాడైంది కదా, ఇంకాస్త పాడైతేనేం అనే మాట పాత ఓడ విషయంలో కొంత నిజం. కొత్త ఓడ విషయంలో అది ఘోరమైన తప్పు. మొదటి గరుకుకే ధర ఎక్కువ. ఓడను నీటి నుంచి బయటపెట్టి మరమ్మతు చేసే డ్రైడాక్‌లో రంగేసేటప్పుడు కారిన చారలు, గాలికి తుంపరలుగా పొడిబారిన రంగు, పాత పూత పెచ్చు ఊడిన చోట అంచు సరిచేయకుండానే అతుకు వేసిన మచ్చలు, వీటి వల్ల వచ్చే నష్టం ఓడ సముద్రంలో దిగిన మొదటి రోజు నుంచే మొదలవుతుంది. ఉక్కును మొత్తం గ్రిట్‌తో ఊదించి శుభ్రం చేయడం ఖరీదైన పని. అందుకే చెడ్డచోట్ల మాత్రమే గోకి పైపైన పూసే అలవాటు వచ్చింది. అలా ఒకసారి కాదు, నాలుగైదు డ్రైడాకుల పాటు అతుకు మీద అతుకు పడితే ఓడ చర్మం బొంతలా తయారవుతుంది.

రంగు గరుకు ఒక ఎత్తు, ప్రాణుల గరుకు మరో ఎత్తు. అమెరికా నౌకాదళ అకాడమీలో పనిచేసిన మైకేల్ షుల్జ్ 2007లో ఒక యుద్ధనౌక మీద వేసిన లెక్కలు ఈ రంగంలో అందరూ ఎత్తి చూపేవి. 15 నాట్ల వేగంలో, పూర్తిగా నున్నటి ఓడతో పోలిస్తే, కొత్త రంగు వేసిన ఓడకు అదనపు శక్తి 2 శాతమే. దట్టమైన పాకుడు పడితే 21 శాతం. బార్నకిల్స్ అనే సున్నపు పెంకుల జీవులు విపరీతంగా పట్టిపోతే 86 శాతం. నన్ను ఇందులో ఆపేది 86 కాదు, 21. పెంకులు కంటికి కనపడతాయి కాబట్టి యజమాని జాగ్రత్తపడతాడు. పాకుడును ఎవరు లెక్కచేస్తారు? ఆ అంకె మీద ఇక్కడ మరో సందేహం రావచ్చు: అది యుద్ధనౌక కదా, సరుకు ఓడకు వర్తిస్తుందా అని. శాతాలు కొంత మారతాయి. అయితే సరుకు ఓడ నిరోధంలో రాపిడి వాటా యుద్ధనౌకలో కంటే ఎక్కువ కాబట్టి, మార్పు ఊరట కలిగించే వైపు ఉండదు.

ఇంతవరకూ చెప్పినదాన్ని కొట్టిపారేయగల అభ్యంతరం ఒకటుంది, క్రికెట్ చూసే ప్రతివాడికీ అది తెలుసు. బౌలర్ బంతికి ఒక పక్క మెరుగుపెట్టి, రెండో పక్క గరుకుగా వదిలేస్తాడు. గోల్ఫ్ బంతికైతే కావాలనే గుంటలు చెక్కుతారు, ఆ గుంటల వల్లే అది మరింత దూరం పోతుంది. గరుకు అక్కడ మేలు చేస్తే ఓడకెందుకు కీడు చేస్తుంది? బంతి గుండ్రని వస్తువు. దాని నిరోధంలో రాపిడి వాటా నామమాత్రం. బంతి వెనక గాలి పలక నుంచి విడిపోయి మిగిల్చే వెలితి వల్లే దాదాపు అంతా వస్తుంది. గరుకు వల్ల గాలి పొరలో సుడులు ముందుగానే పుట్టి, ఆ పొర బంతిని మరికొంత దూరం అంటిపెట్టుకుంటుంది, వెనక వెలితి చిన్నదవుతుంది. ఓడ దగ్గర ఆ లాభం తీసుకోవడానికి మిగిలింది లేదు. ఓడ పొడవైన వస్తువు, దాని పొర ముక్కు దగ్గరే సుడులమయమైపోయింది. అక్కడ గరుకు చేయగలిగింది రాపిడి పెంచడమే. సొరచేప చర్మం మాటేమిటని అడిగేవారికీ ఇదే దారిలో జవాబు దొరుకుతుంది. ఆ చర్మం మీది సన్నని గీతలు నీరు పోయే దిక్కునే సాగి ఉంటాయి, అడ్డంగా కాదు. ప్రయోగశాలలో అలాంటి గీతలు రాపిడిని 8 శాతం దాకా తగ్గించాయి, అదీ గీతల ఎడం జిగట పొర కొలతకు సరిగ్గా సరిపడినప్పుడే. వేగం మారితే లాభం కరుగుతుంది, పాకుడు పడితే పూర్తిగా పోతుంది. అంటే సొరచేప కూడా సంబంధం సంగతే చెబుతోంది. తామరాకు మీద నీటిబొట్టులా ఓడను నీటికి అంటకుండా చేయలేమా అన్న ఆశ ఇంకొకటి. తామరాకును కాపాడేది దాని మొట్టల మధ్య చిక్కుకున్న గాలి. పది మీటర్ల లోతులో నీటి ఒత్తిడికి, ప్రవాహపు కోతకు ఆ గాలి ఎక్కువకాలం నిలవదు. అందుకే కొన్ని ఓడల్లో గాలిని పంపుతో అడుగుకు ఊదుతూనే ఉంటారు.

మరి విషం కలిపిన రంగుతో ప్రాణులను దగ్గరకే రానీయకపోతే సరిపోదా అన్నది చరిత్ర ఒకసారి అడిగి చూసిన ప్రశ్న. తగరం కలిపిన ట్రైబ్యూటైల్‌టిన్ రంగులు ఓడలను అద్భుతంగా శుభ్రంగా ఉంచాయి. అవి నీటిలోకి కారి, ఓడకు అంటుకోని నత్తలను, ఆల్చిప్పలను కూడా చెడగొట్టాయి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థలో 2001లో కుదిరిన ఒప్పందం 2008 సెప్టెంబరులో అమలులోకి వచ్చి వాటిని నిషేధించింది. నిషేధం సరైనదేనని నా నమ్మకం. రెండెకరాల చర్మం నునుపు కోసం రేవు మొత్తాన్ని చంపుకోలేం. ఇప్పుడున్నవి ఎక్కువగా రాగి కలిపిన రంగులు, లేదా విషం లేకుండా ప్రాణి పట్టు చిక్కనివ్వని సిలికోన్ పూతలు. సిలికోన్ పూతకు మరో గుణం ఉంది. దాని ఎత్తుపల్లాలు నిటారు మొట్టల్లా కాకుండా దూరదూరంగా, మెల్లటి అలల్లా ఉంటాయి. సూది కొలతలో రెండు పూతలకూ ఒకే మైక్రాన్లు వచ్చినా నీరు సిలికోన్‌ను తక్కువ గరుకుగా చూస్తుంది. ఎత్తు ఒక్కటే కొలిస్తే చాలదని ఇది గుర్తుచేస్తుంది.

సిలికోన్ పూతకు ఓడ కదులుతూ ఉండాలి. ప్రవాహం తగిలితేనే అంటుకున్నది ఊడుతుంది. ఓడ ఆగితే ఏ రంగుకైనా కష్టకాలమే. కాకినాడ తీరంలో లంగరు వేసి, పడవల మీద సరుకు వచ్చేదాకా రోజుల తరబడి వేచి ఉండే ఓడ నిస్సారపు నీటిలో ఏమీ నిలబడి ఉండదు, బంగాళాఖాతపు వెచ్చదనంలో గింజలు చల్లిన మడిలా ఉంటుంది. పాకుడు మొదట వస్తుంది, దాని మీద పెంకు జీవుల పిల్లలు వచ్చి కాళ్లూనుకుంటాయి. గోదావరి పాయ మీది కోరంగి, 1839 తుఫాను ముంచేయకముందు, ఓడల నిర్మాణానికీ మరమ్మతులకూ పేరుపడ్డ రేవు. ఓడను నీటి నుంచి పైకి తేల్చి అడుగు గోకించుకోవలసిన అవసరం ఆనాటి చెక్క ఓడకూ ఉంది, నేటి ఉక్కు ఓడకూ ఉంది. తేడా అంతా ఆ గోకుడు ఖర్చు ఎవరిదన్నదాంట్లో ఉంది. ఓడను కాలపరిమితికి అద్దెకిచ్చే పద్ధతిలో రంగు ఖర్చు యజమానిది, చమురు ఖర్చు అద్దెదారుది. మంచి రంగు వేయించినవాడికి లాభం అందదు, చెడ్డ రంగుకు నష్టపోయేవాడికి రంగు మీద మాట చెల్లదు. జిగట పొర మందం గురించి ఇద్దరికీ ఒకే అంకె తెలిసినా, ఆ అంకె ఒప్పంద పత్రంలోకి ఎక్కనంతకాలం ఇనుప చర్మం మీద బొంత కుట్లు పడుతూనే ఉంటాయి. ఈమధ్య కొన్ని అద్దె ఒప్పందాల్లో, ఓడ ఇన్ని రోజులకు మించి వెచ్చటి రేవులో ఆగితే అడుగు శుభ్రం చేయించే బాధ్యత ఎవరిదో ముందే రాసుకుంటున్నారు.